అత్తగారి ఊరి మీదుగా సైకిల్ పందెం

మా ఇంటి హాల్లో, టీవీ పక్కన, గోడకి ఆనించి ఒక సైకిల్ ఉంటుంది. ఆ సైకిల్‌కీ మా ఆవిడకీ అది వచ్చిన రోజు నుంచీ పడదు.

నేను భీమవరం దగ్గర ఒక గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నలభై ఏడేళ్ళు. షుగరు గీత దగ్గర ఉంది, రోజూ నడవండి మాస్టారూ అన్నారు డాక్టరుగారు. నడక నా వల్ల కాదు. ఊళ్ళో నడిస్తే పది అడుగులకో పేరెంటు ఆపి "మావాడు ఎలా చదువుతున్నాడండీ" అంటాడు. పొద్దున్నే అన్ని అబద్ధాలు చెప్పడం నాకు విసుగు. అందుకని సైకిల్ తొక్కుతానన్నాను. మా ఆవిడ సరేనంది. పాలవాళ్ళు తొక్కే నల్ల సైకిల్ లాంటిదేదో కొంటాననుకుంది పాపం. హైదరాబాదు నుంచి పార్సిల్లో దిగినదానికి స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు.

"ఇన్ని తీసేసి ఇచ్చినందుకు డబ్బులు కూడా ఎక్కువ తీసుకున్నారా?" అంది.

ఆ తర్వాత గొడవంతా అది ఎక్కడుండాలన్న దాని మీదే. బయట పెడితే రొయ్యల చెరువుల మీంచి వచ్చే గాలికి తుప్పు పడుతుందని నా భయం. స్టాండు లేదు కాబట్టి దానికి గోడ కావాలి. హాల్లో ఉన్న ఒకే ఒక్క గోడ దగ్గర మా ఆవిడ కుట్టు మిషను ఉండేది. తను చర్చిలో స్త్రీల కూటానికి వెళ్ళినప్పుడు దాన్ని వెనక గదిలోకి జరిపేశాను. అదీ నేను చేసిన నేరం. అప్పట్నుంచి రోజుకోసారి ఆ పెడలు తన కాలికి తగులుతుంది. నాకెప్పుడూ తగల్లేదు, అదేంటో మరి.

ఇలా ఉండగా ఒకరోజు పేపర్లో చూశాను. ప్రొఫెషనల్ సైకిల్ పందెం మన వైపుకి వస్తోందట. అంటే జీతం తీసుకుని సైకిల్ తొక్కేవాళ్ళన్నమాట. తునిలో బయల్దేరి, కాకినాడ మీదుగా, కాలవ రోడ్డున రాజమండ్రి గోదావరి గట్టు దాకా వాళ్ళ పందెం. అదే రోజు పొద్దున్నే, వాళ్ళకంటే ముందు, మనలాంటివాళ్ళకి కూడా ఒకటి పెట్టారు. కాకినాడ నుంచి రాజమండ్రికి, అదే రోడ్డు మీద, అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆరింటికి మొదలు. తొమ్మిదింటికల్లా గీత దాటినవాళ్ళకి మెళ్ళో పతకం వేసి, తాడుకి లోపల, ఆ గీత పక్కనే నిలబెట్టి అసలువాళ్ళు రావడం చూడనిస్తారు. దాటనివాళ్ళని వెనకాలే వచ్చే వ్యాన్లో సైకిల్‌తో సహా ఎక్కించేసుకుంటారు.

నేను పేపరు పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తాను. మా ఆవిడ కేలండరు చూసింది.

"ఆదివారమండీ."

"ఒక్క ఆదివారమేగా."

"పాస్టరుగారు అడిగితే ఏమని చెప్పను? మా ఆయన బిగుతు నిక్కరేసుకుని రాజమండ్రి వెళ్ళారని చెప్పనా?"

నిక్కరు సంగతి నిజమే. ఆ సైకిల్ సీటు మీద మామూలు ప్యాంటుతో కూర్చుంటే అరగంటలో ప్రాణం పోతుంది. లోపల మెత్త కుట్టిన నల్ల నిక్కరొకటి ఉంటుంది, ఒంటికి అతుక్కుని ఉంటుంది. దాని మీదకి ఒక ప్రొఫెషనల్ జట్టు వాళ్ళ చొక్కా లాంటిది కూడా తెప్పించాను. నీలం చొక్కా, నారింజ రంగు చేతులు. అది వేసుకుని మొదటిసారి వీధిలోకి వెళ్ళినప్పుడు ఎదురింటాయన లేచి నిలబడ్డాడు. గౌరవంతో కాదు.

రెండు రోజులు మా ఆవిడ ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు బీరకాయలు చెక్కు తీస్తూ తన షరతులు చెప్పింది.

"వెళ్ళండి. కానీ రెండు పనులు చెయ్యాలి. ఒకటి, పతకం తేవాలి. ఏడాదిన్నర నుంచి నా కాళ్ళు పగలగొట్టుకున్నందుకు ఆ మాత్రం ఫలితం చూపించాలి. రెండు, ఆ రోడ్డు మా అమ్మ గుమ్మం ముందు నుంచే వెళ్తుంది. అక్కడ ఆగాలి. ఈ రెంట్లో ఏది తప్పినా ఆ సైకిల్ సోమవారం మా తమ్ముడికి వెళ్ళిపోతుంది, నా మిషను హాల్లోకొస్తుంది."

"మీ తమ్ముడికెందుకే? వాడికి సైకిల్ రాదు."

"అందుకే. బయట పెడతాడు."

మా ఆవిడ చెప్పిన మాట తప్పే మనిషి కాదు. ఆ సంగతి నాకు పెళ్ళయిన మొదటి వారంలోనే తెలిసింది. అయినా సరేనన్నాను, ఎందుకంటే లెక్కల మాస్టార్ని కదా, కాగితం మీద వేసి చూస్తే రెండూ కుదురుతాయి. ఒక అయిదు నిమిషాలు ఆగితే ఏం పోతుంది అనుకున్నాను.

మా అత్తగారి ఇల్లు బిక్కవోలు దాటాక ఒక ఊళ్ళో, సరిగ్గా రోడ్డు పక్కనే. గేటు తీస్తే తారు రోడ్డే. ఆవిడకి డెబ్భై దాటాయి. మామగారు పోయి చాలా కాలమైంది. కొడుకూ కోడలూ ఆవిడతోనే ఉంటారు. మా వైపు అల్లుడు అత్తగారి గుమ్మం ముందు నుంచి ఆగకుండా పోవడమంటే చిన్న విషయం కాదండీ. మా తోడల్లుడు ఒకసారి రైలుకి టైమైపోతోందని కారాపకుండా హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. పదకొండేళ్ళైంది. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరి పెళ్ళైనా, పుట్టినరోజైనా, భోజనాల దగ్గర ఆ హారన్ ప్రస్తావన రాకుండా మజ్జిగ పోసుకోరు.

పోనీ, ఆగితే అయిదు నిమిషాల్లో వదులుతారా. ముందు కాళ్ళు కడుక్కోవాలి. తుడుచుకోవడానికి కొత్త తువ్వాలు వెతుకుతారు, అది బీరువాలో ఉంటుంది, తాళాలు కోడలి దగ్గరుంటాయి. తర్వాత మంచినీళ్ళు, టిఫిను, ఇంకొక్కటి, మీ కోసమే చేశాను మరొక్కటి, కాఫీ, ఆ ఎండలో ఎక్కడికి వెళ్తారు కాసేపు నడుం వాల్చండి. ఆ ఇంట్లోంచి నేను గంటన్నర లోపు బయటపడ్డది లేదు. ఒకసారి శుభలేఖ ఇచ్చి వచ్చేద్దామని ఆగి, మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి వచ్చాను. ఈ సంగతి కాగితం మీద లెక్క వేసేటప్పుడు నాకు గుర్తు రాలేదు.

శనివారం కాకినాడకి ప్రయాణం. బస్సువాళ్ళు సైకిల్ ఎక్కిస్తామన్నారు గానీ, పైన కట్టాలట. దాన్ని తాళ్ళతో కట్టడం నేను చూడలేను. ఐసు వ్యాపారం చేసే స్నేహితుడొకడు ఉన్నాడు, వాడి వ్యాను కాకినాడ హార్బరుకి ఖాళీ ట్రేలతో వెళ్తోందంటే అందులో పెట్టించాను. ఆ ట్రేల్లో శుక్రవారం దాకా రొయ్యలున్నాయన్న ముక్క వాడు నాకు చెప్పలేదు. కాకినాడలో దింపేసరికి సైకిల్ కంపు, సీటు కంపు, హ్యాండిల్‌కి చుట్టిన టేపు మరీ కంపు. లాడ్జిలో రెండు సబ్బులు అరగదీశాను. ఏమీ లాభం లేదు. ఆ లాడ్జి పిల్లి మాత్రం పొద్దున్నదాకా నా తలుపు వదల్లేదు.

ఆదివారం ఆరింటికి ఒక రెండు మూడొందల మందిమి గీత దగ్గర నిలబడ్డాం. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళు, డాక్టర్లు, ఎరువుల ఫ్యాక్టరీ ఇంజనీర్లు, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు. నా పక్కన ఒక బ్యాంకు మేనేజరుగారు. మంచి భారీ మనిషి. ఆయన సీటు మీద కూర్చుంటే సీటు కనిపించదు. ఆయన్ని చూడగానే ఈయన వెనకాల వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. సైకిల్ తొక్కేవాళ్ళకి తెలిసిన కిటుకది. ముందు మనిషి గాలిని కోసుకుంటూ పోతే వెనక మనిషికి సగం శ్రమ తగ్గుతుంది. మనిషి ఎంత వెడల్పైతే అంత మేలు.

"ఏంటండీ ఈ వాసన?" అన్నారాయన మూడో కిలోమీటరు దగ్గర వెనక్కి తిరిగి.

"హార్బరండీ," అన్నాను.

పదో కిలోమీటరు దగ్గర మళ్ళీ అడిగారు. అప్పటికి హార్బరు ఎక్కడో ఉండిపోయింది. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

సామర్లకోట దాటాక కుక్కలు తగులుకున్నాయి. ముందు వెళ్ళిన వంద మందిని వదిలేసి తిన్నగా నా మీదకొచ్చాయి. రెండు కిలోమీటర్లు నా జీవితంలో ఎప్పుడూ తొక్కనంత వేగంగా తొక్కాను. తర్వాత గస వచ్చి ఒక రేకుల షెడ్డు దగ్గర ఆగి అయిదు నిమిషాలు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అక్కడ టీ తాగుతున్న పెద్దాయన నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశాడు.

"బస్సు తప్పిపోయిందాండీ?"

"కాదండీ. పందెం."

"ఎవరితోనండీ?" అన్నాడు, రోడ్డుకి అటూ ఇటూ చూసి.

చూస్తే నిజంగానే నా చుట్టుపక్కల ఎవరూ లేరు. మా గోదావరి జిల్లాల్లో ఎటకారానికి టిక్కెట్టు పెడితే ఈ పాటికి పోలవరం పూర్తయ్యేది. మళ్ళీ ఎక్కి, చచ్చీచెడీ మేనేజరుగారిని పట్టుకునేసరికి నా కాళ్ళు నా మాట వినడం మానేశాయి.

బిక్కవోలు దాటేసరికి వాచీ చూసుకున్నాను. ఏడు ముప్ఫై ఎనిమిది. ఇంకా ఇరవై ఏడు కిలోమీటర్లున్నాయి. ఉన్న టైము గంటా ఇరవై రెండు నిమిషాలు. నేను తొక్కే వేగానికి కావలసిన టైము గంటా పంతొమ్మిది. లెక్క రెండోసారి వేశాను. మూడోసారి మేనేజరుగారి వీపు మీద చూపు పెట్టుకుని మళ్ళీ వేశాను. మిగిలేది మూడంటే మూడు నిమిషాలు. ఆగితే పతకం లేదు, సైకిల్ లేదు. ఆగకపోతే సైకిల్ లేదు. ఆగలేదన్న సంగతి మా ఆవిడకి తెలిస్తేనే అనుకోండి.

ఊరు రానే వచ్చింది. తర్వాత రోడ్డు మూసేస్తారని, చీరల్లో, తెల్ల చొక్కాల్లో జనం బైబిళ్ళు పట్టుకుని పెందరాళే చర్చి వైపు పోతున్నారు. మా బావమరిది కుటుంబం కూడా వాళ్ళలోనే ముందు పోతూ కనిపించింది, వీపులు ఇటున్నాయి కాబట్టి బతికిపోయాను. వాళ్ళకెదురుగా, ఒక్కర్తే, గేటు బయట ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మా అత్తగారు నిలబడి ఉన్నారు. కుర్చీ ఉంది గానీ కూర్చోలేదు. చేతిలో నీళ్ళ చెంబు. ఇంట్లోంచి నాటుకోడి కూర వాసన రోడ్డు మీదకి వస్తోంది. రొయ్యల కంపుని కూడా దాటుకుని నా ముక్కుకి తగిలింది.

ఆవిడకి ఒక కంట్లో శుక్లం. ఆపరేషన్ వచ్చే నెల. నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది అదొక్కటే, చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది, ఆ నిక్కరుతో అత్తగారి ముందు నిలబడడమెలా అని. ఒక్కో కారణానికీ ఒక్కో గేరు మార్చాను. మేనేజరుగారికి ఎడమ పక్కగా జరిగి, తల దించి, గడ్డం హ్యాండిల్‌కి ఆనించి, ఆయన వెడల్పంతా అడ్డం పెట్టుకుని, ఆవిడ ముందు నుంచి దొంగలా జారిపోయాను.

"మాస్టారూ, మరీ మీద మీదకొస్తున్నారు," అన్నారు మేనేజరుగారు.

"గాలండీ," అన్నాను. ఆకు కూడా కదలడం లేదు.

ఆ తర్వాత ఇరవై ఏడు కిలోమీటర్లూ ఎలా తొక్కానో నాకు తెలీదు. అనపర్తి, ద్వారపూడి, కడియం నర్సరీల్లో బంతి మొక్కలు, ఏవీ సరిగ్గా చూడలేదు. రాజమండ్రి గట్టు ఎక్కి గీత దాటేసరికి పైన పెద్ద గడియారంలో ఎనిమిదీ యాభై ఏడు. ఎవరో ఒకమ్మాయి నా మెళ్ళో పతకం వేసింది, వేసి రెండడుగులు వెనక్కి వేసింది. వాసన మరి. నాకేమీ పట్టలేదు. గోదావరి చూసుకుంటూ ఆ పతకాన్ని పంటితో కొరికి కూడా చూశాను. ఎందుకు కొరుకుతారో నాకు తెలీదు, టీవీలో కొరుకుతారు.

తాడుకి లోపల, గీతకి ఆరడుగుల దూరంలో నాకు చోటిచ్చారు. గంట సేపు నిలబడ్డాను. జన్మలో ఒక్కసారైనా దగ్గర్నుంచి చూడాలనుకున్న సంగతి అది. ముందు పోలీసు మోటారు సైకిళ్ళు వచ్చాయి. తర్వాత కార్లు. తర్వాత ఒక చప్పుడు, వర్షం దూరం నుంచి కొబ్బరి తోటల మీదుగా వస్తున్నప్పటి చప్పుడు. అంతే, రంగులు. మోకాళ్ళు. ఎవరో ఒకాయన చెయ్యెత్తాడు. మొత్తం కలిపి పన్నెండు సెకన్లు. నేను ఆ సమయంలో రెప్ప వేశానేమోనని ఇప్పటికీ అనుమానం.

"అయిపోయిందాండీ?" అంది తాడుకి అవతల పూలబుట్ట పెట్టుకున్నావిడ. "ఇందుకేనా పొద్దుట్నుంచీ రోడ్డు మూసేశారు?"

నేను జవాబు చెప్పేలోపు ఫోను మోగింది. మా ఆవిడ. తను చర్చిలో ఆరాధన మొదలవక ముందు, మెట్ల మీంచి మాట్లాడుతోంది. పాటల బృందం గొంతు సర్దుకుంటున్న చప్పుడు వెనకాల వినిపిస్తోంది.

"పతకం?"

"మెళ్ళోనే ఉంది."

"సరే. నేను నమ్మలేదు సుమండీ మిమ్మల్ని. ఇందాకే అమ్మకి ఫోన్ చేశాను. ఆగారట, కాళ్ళు కడుక్కున్నారట, బాగా తిన్నారట. రెండూ ఎలా చేశారండీ?"

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"ఏవండీ, ఉన్నారా?"

"ఉన్నాను. తొక్కాను కదా, ఆయాసం."

"పడుకోండి కాసేపు. సైకిల్ ఉండనివ్వండి హాల్లో." అని పెట్టేసింది. గొంతులో కాస్త మురిపెం కూడా ఉంది.

ముందు సంతోషం ముంచుకొచ్చింది. సైకిల్ దక్కింది. ఆ వెనకే అనుమానం. నేను ఆగలేదు. మరి ఆగిందెవరు? కాళ్ళు కడుక్కున్నదెవరు? నా కోడికూర తిన్నదెవరు? ఇలా ఆలోచిస్తుండగా మైకులో చెప్పారు. ప్రొఫెషనల్స్‌లో ఒకాయన ఇంకా చేరలేదట, వెనక వ్యానుకీ కనిపించలేదట, చూసినవాళ్ళు చెప్పమంటున్నారు. నీలం చొక్కా, నారింజ చేతులు.

నేను నా చొక్కా చూసుకున్నాను.

అంతా అర్థమైపోయింది. చొక్కా రంగు మా ఆవిడ వాళ్ళమ్మకి చెప్పి ఉంటుంది. ఒక కంటితో, ఆ రంగు చూసి, ఈయనే అల్లుడనుకుని ఎవర్నో పట్టి లోపలికి లాక్కెళ్ళిపోయారు ఆవిడ. నాకు నవ్వు రావాలి. కోపం వచ్చింది. ఇరవై రెండేళ్ళ అల్లుడరికం నాది, నా పీట మీద ఎవడో జీతగాడు కూర్చుని నా వాటా తినడమేంటి? కోపం తర్వాత భయం. హెల్మెట్ తీశాక మొహం చూస్తారు కదా. చూసి కూతురికి మళ్ళీ ఫోన్ చేస్తే అయిపోయింది. ఆరాధన అయ్యేలోపు నేను అక్కడుండాలి.

మళ్ళీ తొక్కే ఓపిక లేదు. రోడ్డు తెరవగానే ఒక ఆటో మాట్లాడుకుని, సైకిల్ పైన కట్టించాను. తాళ్ళతోనే. చూడలేదు. కడియం దగ్గర ఆటో ఆయన ముక్కు మూసుకుని అడిగాడు.

"చేపలేమైనా కట్టారాండీ పైన?"

నిక్కరు మీద తువ్వాలు చుట్టుకుని గేటు తీసేసరికి పదకొండున్నర దాటింది. వసారాలో మంచం మీద పాతికేళ్ళ మనిషి ఒకాయన పడుకుని ఉన్నాడు. మా మామగారి గళ్ళ లుంగీ కట్టుకున్నాడు. మోకాలికి కట్టు. నీలం చొక్కా ఉతికి తీగ మీద ఆరేసి ఉంది. పక్కన ఖాళీ పళ్ళెంలో ఎముకల గుట్ట. నన్ను చూసి లేచి కూర్చుని, నా చొక్కా చూసి, తీగ మీది చొక్కా చూసి, రెండు చేతులూ జోడించాడు.

మా స్కూల్లో హిందీ మాస్టారు సెలవు పెడితే ఆ క్లాసుకి నేనే వెళ్తాను. ఆ మాత్రం హిందీతో అడిగాను. రాజస్థాన్ ఎడారి వైపు మనిషట. రోడ్డు పక్కన పట్టాల మీద వడ్లు ఆరబోశారు కదా, వాటి మీద చక్రం జారి పడ్డాడు. ముందు చక్రం వంగిపోయింది. జట్టు కారు ముందుకెళ్ళిపోయింది, ఫోను అందులోనే ఉంది. పందెం పోయిందని రోడ్డు మీద కూర్చుని ఏడుస్తుంటే ఈ అమ్మ వచ్చి రెక్క పట్టుకుని లోపలికి తెచ్చిందట. వెనక వ్యాను అదే సమయంలో బయట నుంచి వెళ్ళిపోయి ఉంటుంది. నా చొక్కాకి గుచ్చిన పందెం నంబరు కాగితం మీద నిర్వాహకుల ఫోను ఉంది, దానికి చేసి, మీ మనిషి క్షేమం, వచ్చి తీసుకెళ్ళండి అని చెప్పాను. అతను ఊపిరి పీల్చుకుని మళ్ళీ పడుకున్నాడు.

ఇంతలో అత్తగారు లోపల్నుంచి వచ్చారు. తెల్లచీర, జాకెట్టుకి చిన్న శిలువ పిన్ను. చర్చికి కట్టుకునే చీర అది. కట్టుకుని చర్చికి వెళ్ళలేదు. నాకు తెలిసి ఆవిడ జ్వరం వస్తే తప్ప ఆదివారం ఇంట్లో ఉన్నది లేదు. కుర్చీ వేసి, చెంబుతో నీళ్ళిచ్చి, పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టారు. గారెలు, కోడికూర. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నా ఎదురుగా కూర్చోరు ఆవిడ. తలుపు వారగా నిలబడి, గడపతో మాట్లాడినట్టు మాట్లాడతారు.

"అదేంటంటే అండీ, పొద్దున్న నేను..." అని మొదలుపెట్టాను. ఆటోలో ఒక కథ అల్లుకుని వచ్చాను, మంచి కథ.

"మీరు ఏడు నలభైకి వెళ్ళారండి," అన్నారు గడపతో.

నా చెయ్యి గారె మీదే ఆగిపోయింది.

"ఆ లావుపాటాయన వెనకాల. మరీ వంగిపోయారు. నడుం పట్టేస్తుందేమోనని భయపడ్డాను."

"మీ కన్ను..."

"ఒక కంటికేనండి శుక్లం."

చర్చి నుంచి పాట వస్తోంది, ఆ ఊరంతా అక్కడే ఉంది.

"మరి ఫోన్లో..." అన్నాను.

"అమ్మాయి అడిగిందండి, ఆగారా అని. ఆగారన్నాను. లేకపోతే ఆ సైకిల్ తీసేస్తానంది కదా. మొన్న ఫోన్లో చెప్పింది నాకు. మీకది ఇష్టమని కూడా తనే చెప్పింది." కొంగుతో చేతులు తుడుచుకున్నారు. "మీ కోసమని చేసినవి ఉన్నాయి, ఆ బాబు ఆకలి మీదున్నాడు. పెట్టాను. మీరు వస్తారని మీ వాటా తీసి ఉంచాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తెల్లవారకుండా లేచి మినుములు రుబ్బి, చర్చి మానుకుని రోడ్డు మీద నిలబడిన మనిషి. ఆవిడ ముందు నుంచి నేను ఒక బ్యాంకు మేనేజరు చాటున నక్కి పోయాను. అది కళ్ళారా చూసి, ఆదివారం పూట, నా కోసం కన్నకూతురికి అబద్ధం చెప్పారు ఆవిడ. చొక్కా లోపలికి తోసేసిన పతకం రొమ్ముకి గుచ్చుకుంటోంది. దాన్ని తీసి చూపించాలని కూడా అనిపించలేదు.

"తప్పైపోయిందండీ," అన్నాను. "సాయంత్రం నేనే చెప్పేస్తాను తనకి."

"ఎందుకండీ ఇప్పుడు. తినెయ్యండి. నేను చెప్పిన మాట అబద్ధం కాకుండా ఉంటుంది."

తలుపు వెనక ఆవిడ నవ్వుతున్నారని అప్పుడు తెలిసింది నాకు.

"అమ్మాయి మీ దగ్గర చేరి లెక్కల మనిషైపోయిందండి. ఎన్ని గారెలు తిన్నారని కూడా అడిగింది. తొమ్మిదని చెప్పాను."

నేను నాలుగు తినే మనిషిని. ఏమీ అనకుండా మొదలుపెట్టాను. కూర కారంగా ఉంది, ముక్కూ కళ్ళూ కారిపోతున్నాయి, అది కారం వల్లే అనుకున్నా ఎవరికీ నష్టం లేదు. మంచం మీద ఆ రాజస్థాన్ మనిషి వేళ్ళు మడుస్తూ లెక్కపెడుతున్నాడు. ఆరోది మింగి, ఇక నా వల్ల కాదని పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాను.

"ఇంకా మూడండి," అన్నారు మా అత్తగారు.